మొదటి జరిమానా చెప్పే పాఠం

(పాఠశాల ప్లాటినం జూబిలీ వేడుకలలో భాగంగా జరిగిన తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక విద్యాలయం 75 సంవత్సరాలు పూర్తి చేసుకొన్న శుభవేళ గడచిన కాలాన్ని స్మరించుకోవడం సహజమే. అయితే ఉత్సవం అర్థవంతం కావాలంటే, నేడు ఇళ్లలో తల్లిదండ్రులను కలవరపెడుతున్న విషయాలను కూడా వేదికపైకి తేవలసి ఉన్నది. అటువంటి వాటిలో ఒకటి, వినడానికి చిన్నదిగా తోచేది, కొత్తగా బండి నడపడం నేర్చిన పిల్లలకు వేగం మీరినందుకు వచ్చే జరిమానా. వ్యవహారంలో దానినే చలానా అంటున్నారు. ఆ చీటీ విలువ వెయ్యి రూపాయలో రెండు వేల రూపాయలో కావచ్చును. కాని దానిని ఇంటివారు ఏ విధంగా స్వీకరించారన్నదానిపై ఆ బిడ్డ ప్రాణమూ, రోడ్డుపై నడిచే పరాయి బిడ్డ ప్రాణమూ ఆధారపడి ఉన్నవి. నేటి ప్రసంగ సారాంశం ఇదే.

వేగానికి జరిమానా విధించడం నిన్న మొన్నటి ఆచారం కాదు. మోటారు వాహనం పుట్టిన కొద్ది సంవత్సరాలకే అదీ పుట్టినది. 1896 జనవరి 28వ తేదీన ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో పాడక్ వుడ్ అనే ఊరిలో వాల్టర్ ఆర్నాల్డ్ అనే వ్యక్తి గంటకు 8 మైళ్ల వేగంతో మోటారు బండి నడిపినాడు. అక్కడి పరిమితి గంటకు 2 మైళ్లు మాత్రమే. ఒక పోలీసు సైకిలుపై వెంబడించి అతనిని పట్టుకొన్నాడు. వేగం మీరినందుకు ఒక షిల్లింగు జరిమానా పడినది. వేగం మీరినందుకు శిక్ష పొందిన తొలి మోటారు చోదకునిగా అతని పేరు నేటికీ చెప్పుకొంటారు. ఈనాటి పిల్లవాడు సైకిలుపై అంతకంటె వేగంగా బడికి వస్తాడు కనుక ఈ కథ విని నవ్వు రావచ్చును. కాని అందులోని సూత్రం మారలేదు. బండి ఎంత వేగంగా పోగలదో కంపెనీ నిర్ణయిస్తుంది. ఎంత వేగంగా పోవచ్చునో ఆ రోడ్డును పంచుకొనే సమాజం నిర్ణయిస్తుంది.

ఈనాడు సైకిలుపై వెంబడించే పోలీసు అవసరం లేదు. రాడార్ స్పీడ్ గన్ రేడియో తరంగాలను బండిపైకి పంపుతుంది. ఎదురుగా వచ్చే రైలు కూత హెచ్చు స్థాయిలోనూ, దాటిపోయిన రైలు కూత తగ్గు స్థాయిలోనూ వినిపించినట్లే, కదులుతున్న బండిని తాకి తిరిగివచ్చిన తరంగాలలోనూ మార్పు వస్తుంది. భౌతికశాస్త్రంలో దానినే డాప్లర్ ప్రభావం అంటారు. ఆ మార్పును బట్టి యంత్రం వేగాన్ని లెక్క కడుతుంది. మరికొన్నిచోట్ల రెండు కెమెరాలను కొన్ని కిలోమీటర్ల దూరంలో అమర్చి, బండి ఆ దూరాన్ని ఎంతసేపటిలో దాటినదో చూస్తారు. 10 కిలోమీటర్లు 5 నిమిషాలలో దాటితే సగటు వేగం గంటకు 120 కిలోమీటర్లు. కెమెరా కనబడినచోట బ్రేకు వేసి, దాటగానే మళ్లీ వేగం పెంచే నేర్పు ఇక్కడ చెల్లదు. ఇది ఈ పాఠశాల తరగతి గదులలో ఎన్నో ఏళ్లుగా నేర్పుతున్న కాలము, దూరముల లెక్కయే!

కేంద్ర ప్రభుత్వం 2018 ఏప్రిల్‌లో ప్రకటించిన గరిష్ఠ పరిమితుల ప్రకారం పురపాలక ప్రాంతాలలోని రోడ్లపై కారుకు గంటకు 70, మోటారు సైకిలుకు 60 కిలోమీటర్లు మించరాదు. స్థానిక అధికారులు అంతకంటె తక్కువ పరిమితి పెట్టవచ్చును; బడుల వద్ద, జనం మసలే వీధులలో పెడుతూ ఉంటారు కూడా. మోటారు వాహనాల చట్టం 183వ సెక్షను వేగం మీరడాన్ని నేరంగా పరిగణిస్తుంది. 2019 సవరణకు ముందు మొదటి తప్పుకు జరిమానా 400 రూపాయలకు మించేది కాదు. ఆ సవరణ తరువాత తేలికపాటి వాహనాలకు చట్టంలో పేర్కొన్న జరిమానా 1,000 నుండి 2,000 రూపాయలు. రాష్ట్రాన్ని బట్టి వసూలు చేసే మొత్తంలో తేడా ఉండవచ్చును. తప్పు మళ్లీ చేస్తే లైసెన్సును స్వాధీనం చేసుకొనే అవకాశమూ ఉన్నది.

ఇక్కడ గమనించవలసిన ముఖ్య విషయం ఒకటి ఉన్నది. బండి నడిపినది కుమారుడో కుమార్తెయో అయినా, కెమెరా చూసేది నంబరు పలకను మాత్రమే. నంబరు ఎవరి పేరిట నమోదై ఉన్నదో వారి ఫోనుకే సందేశం వస్తుంది. సాధారణంగా అది తండ్రి ఫోను. బెంగళూరు, కోలారు, బళ్లారి వంటి చోట్ల స్థిరపడి, తెలుగులోనే చదువుకొన్న పెద్దలున్న ఇళ్లలో మరొక చిత్రమూ ఉన్నది. సందేశం కన్నడంలోనో ఆంగ్లంలోనో ఉంటుంది. తండ్రి ఫోనును కుమారునికే ఇచ్చి, "ఏముందో చదువు నాయనా" అంటాడు. దండన పడినవాడే దుబాసీ అవుతాడు! "ఏదో బ్యాంకు వాళ్లది నాన్నా" అని వాడు చెరిపివేస్తే ఆ కథ అక్కడితో ముగిసినట్లే. మూడు నెలల తరువాత ఆ బండిపై నాలుగైదు చలానాలు ఉన్నవని మరెవరో చెప్పినప్పుడు గాని ఇంటికి విషయం తెలియదు.

తెలిసిన తరువాత ఇళ్లలో జరిగేది సామాన్యంగా మూడు విధాలు. మొదటి ఇంట తండ్రి మాట్లాడకుండా రెండు నిమిషాలలో ఫోనులోనే సొమ్ము కట్టివేస్తాడు. పిల్లవాడి మనసు నొప్పించడం ఎందుకని ఆయన ఉద్దేశం. కాని వేగానికి వెల ఉన్నదని, ఆ వెలను వేరొకరు చెల్లిస్తారని ఆ పిల్లవాడు నేర్చుకొంటాడు. రెండవ ఇంట పోలీసు శాఖలో తెలిసినవారికి కబురు వెళుతుంది. "మా మేనల్లుడే సార్, చిన్న కుర్రవాడు, వదిలేయండి" అని మేనమామ బతిమాలుతాడు. చట్టం కంటె చుట్టరికం గొప్పదని ఆ కుర్రవాడు నేర్చుకొంటాడు. మూడవ ఇంట పెద్ద గలాటా జరుగుతుంది. తాళంచెవి లాగుకొంటారు, వారం రోజులు మాటలు ఉండవు, ఎనిమిదవ రోజున తాళంచెవి తిరిగి వాడి చేతికే వస్తుంది. అక్కడ నేర్చుకొనేది దాచిపెట్టడం. ఈ మూడు ఇళ్లలోనూ ప్రేమ ఉన్నది. లేనిది ఒక్కటే, ఆ చీటీని ముందు పెట్టుకొని తండ్రీ కొడుకులు పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకోవడం.

మాట్లాడుకొనేటప్పుడు నీతివాక్యాల కంటె లెక్కలే మేలు. యువకుడు నీతిని కాదనగలడు గాని లెక్కను కాదనలేడు. ఇంటి నుండి కళాశాలకు 5 కిలోమీటర్లు అనుకొందాము. అడ్డం లేని రోడ్డుపై గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతే ఏడున్నర నిమిషాలు, 60 వేగంతో పోతే 5 నిమిషాలు పడుతుంది. ఆదా అయినది రెండున్నర నిమిషాలు. అదీ దారిలో ఎర్రదీపాలు లేకపోతేనే! ఊరి రోడ్లలో ముందుగా దూసుకుపోయినవాడు మరుసటి కూడలిలో ఆగి ఉండగా, నిదానంగా వచ్చినవాడు అతని పక్కనే వచ్చి నిలవడం అందరూ చూసే దృశ్యమే.

ఇప్పుడు రెండవ లెక్క. ఎదుట ఒక పసివాడు బంతి కోసం రోడ్డుపైకి వచ్చినాడనుకొందాము. కన్ను చూసి, మెదడు గ్రహించి, చేయి బ్రేకు నొక్కడానికి ఒక సెకను పడుతుందనుకొంటే, ఆ ఒక్క సెకనులో 40 వేగంతో పోయే బండి 11 మీటర్లు, 60 వేగంతో పోయే బండి సుమారు 17 మీటర్లు ముందుకు పోతుంది. బ్రేకు పడిన తరువాత పొడి రోడ్డుపై, మంచి టైర్లతో, మొదటిది మరో 9 మీటర్లలో, రెండవది మరో 20 మీటర్లలో ఆగుతుంది. మొత్తం మీద మొదటి బండి 20 మీటర్లలోనూ, రెండవది 37 మీటర్లలోనూ నిలుస్తుంది. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే బండిలోని గతిశక్తి రెండుంబావు రెట్లు పెరగడమే ఇందుకు కారణం. అంతకంటె గుండెలు అదిరించే సంగతి మరొకటి ఉన్నది. మొదటి బండి పూర్తిగా ఆగిపోయిన ఆ 20వ మీటరు వద్దకు రెండవ బండి చేరేసరికి, అది ఇంకా గంటకు 50 కిలోమీటర్లకు పైగా వేగంతోనే ఉంటుంది. పసివాడు నిలబడినది అక్కడే అయితే ఏమి జరుగుతుందో వివరించనక్కరలేదు. రెండున్నర నిమిషాల ఆదాకు ఎదుట ఉంచి తూచవలసినది ఇదే.

ఈ లెక్క కాగితంపైనే ఆగిపోవడం లేదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ ప్రకటించిన లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగినవి. 1,68,491 మంది మరణించినారు. వీరిలో ప్రతి పదిమందిలో ఏడుగురి మరణానికి అతివేగాన్నే కారణంగా నమోదు చేసినారు. మరణించినవారిలో సుమారు 44 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. ప్రపంచమంతటా 5 నుండి 29 సంవత్సరాల వయస్సు వారి మరణాలకు రోడ్డు ప్రమాదాలే ప్రథమ కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 5 నుండి 29 అనగా ఒకటవ తరగతి పిల్ల మొదలు కొత్తగా ఉద్యోగంలో చేరిన పూర్వ విద్యార్థి వరకు అన్నమాట. ఒక పాఠశాల తన బిడ్డలని చెప్పుకొనే వారందరూ అందులోనే ఉన్నారు.

యువకులే ఎందుకు వేగం మీరుతారన్న ప్రశ్నకు "చెడు సావాసం" అని ఒక్క మాటలో జవాబు చెప్పడం న్యాయం కాదు. ముందుచూపును, నిగ్రహాన్ని నడిపించే మెదడు ముందుభాగం ఇరవై ఏళ్లు దాటిన తరువాత కూడా పరిణతి చెందుతూనే ఉంటుందని శాస్త్రజ్ఞులు గుర్తించినారు. చేతికి నేర్పు త్వరగా వస్తుంది, ప్రమాదాన్ని ముందుగా పసిగట్టే చూపు నిదానంగా వస్తుంది. తోటి వయస్సువారు బండిలో ఉన్నప్పుడు యువ చోదకులకు ప్రమాదాలు పెరుగుతాయని అమెరికాలో జరిగిన అధ్యయనాలు చూపినవి. ఒంటరిగా పోయేటప్పుడు మర్యాదగా నడిపే పిల్లవాడే, వెనుక స్నేహితుడు కూర్చుని "ఇంతేనా నీ బండి?" అనగానే మారిపోవడం అందుకే.

ఈ సంగతిని గుర్తించిన దేశాలు కొత్త చోదకులకు వేరుగా కట్టుబాట్లు పెట్టినవి. బ్రిటనులో 1997 నుండి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, లైసెన్సు పొందిన రెండు సంవత్సరాలలో ఆరు శిక్షా పాయింట్లు పడితే లైసెన్సు రద్దు అవుతుంది. మళ్లీ మొదటి నుండి పరీక్షలు రాయవలసినదే. వేగం మీరినందుకు కేసు ఖరారై పాయింట్లు పడితే కనీసం మూడు పడతాయి. అంటే అటువంటివి రెండు చాలు! జపానులో 1972 నుండి కొత్త చోదకుడు ఒక సంవత్సరం పాటు కారుపై లేత ఆకు గుర్తును అంటించుకోవాలి. "వీడు కొత్తవాడు, కాస్త చూసుకోండి" అని ఆ గుర్తు ఇతరులకు చెబుతుంది. కొత్తవాడిని కొత్తవాడిగా చూడడంలో అవమానం లేదు. మొక్కై వంగనిది మానై వంగదన్న తెలుగు సామెత తెలిసిన వారికి ఈ ఏర్పాటులోని వివేకం బోధపడుతుంది.

లైసెన్సు ఉన్నవారి సంగతి ఇట్లుండగా, లైసెన్సు పొందే వయస్సే రాని పిల్లల సంగతి మరింత విచారకరం. పాఠశాలల గేట్ల ముందు, ట్యూషన్ సెంటర్ల ముందు తొమ్మిదవ, పదవ తరగతి పిల్లల స్కూటర్లు బారులు తీరి ఉండడం అన్ని ఊళ్లలోనూ కనబడుతున్నది. పదవ తరగతిలో మంచి మార్కులు వస్తే బండి కొనిపెడతామని మాట ఇచ్చే తల్లిదండ్రులు ఉన్నారు. చట్టం ప్రకారం 16 సంవత్సరాలకు లైసెన్సు ఇచ్చేది 50 సి.సి. మించని, గేర్లు లేని బండికి మాత్రమే. నేడు బజారులో అమ్ముడుపోయే పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ 100 సి.సి. దాటినవే, వాటికి 18 సంవత్సరాలు నిండవలసినదే. 2019 సవరణలో చేర్చిన 199ఎ సెక్షను ప్రకారం మైనరు నేరం చేస్తే సంరక్షకుడు లేదా బండి యజమాని దోషి అవుతాడు. తనకు తెలియకుండా జరిగినదనో, జరగకుండా తగిన జాగ్రత్త తీసుకొన్నాననో రుజువు చేసుకోలేకపోతే మూడు సంవత్సరాల వరకు జైలు శిక్ష, 25,000 రూపాయల జరిమానా ఉన్నవి. బండి నమోదు 12 నెలల పాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 సంవత్సరాలు నిండేవరకు లైసెన్సు రాదు. లైసెన్సు లేనివాడు చేసిన ప్రమాదంలో బీమా సంస్థ బాధితులకు పరిహారం చెల్లించినా, ఆ సొమ్మును యజమాని నుండి రాబట్టుకొమ్మని కోర్టులు ఆదేశించిన సందర్భాలు అనేకం. ముద్దుగా ఇచ్చిన బహుమతి ఇల్లు అమ్ముకొనే స్థితికి తేవచ్చును.

పెద్దల లోకం కూడా పిల్లలకు సరియైన సందేశం ఇవ్వడం లేదని ఒప్పుకోవలసి ఉన్నది. పేరుకొనిపోయిన బకాయిలు వసూలు కావడానికి 2022 మార్చిలో తెలంగాణలో ద్విచక్ర వాహనాల జరిమానాలపై 75 శాతం, 2023 ఫిబ్రవరిలో కర్ణాటకలో 50 శాతం తగ్గింపు ఇచ్చినారు. ప్రభుత్వాల ఇబ్బంది ప్రభుత్వాలకు ఉండవచ్చును. కాని, వెంటనే కట్టినవాడు అమాయకుడనీ, కట్టకుండా కూర్చున్నవాడు తెలివైనవాడనీ యువకుడు అర్థం చేసుకొనే ప్రమాదం అందులో ఉన్నది. ఇక నంబరు పలకను వంచడం, వెనుక కూర్చున్నవాడు చేతి రుమాలును దానికి అడ్డుపెట్టడం వంటి చేష్టలు చలాకీతనంగా చలామణి అవుతున్నవి. కెమెరా కంటికి కనబడకపోయినంత మాత్రాన ఎదుటి లారీకి బ్రేకులు పడవు గదా!

పర్యవేక్షణ వలన మేలు కలుగుతుందనడానికి దగ్గరలోనే నిదర్శనం ఉన్నది. 2023 మార్చిలో ప్రారంభమైన బెంగళూరు, మైసూరు రహదారిపై తొలి నెలలలోనే వరుసగా ఘోర ప్రమాదాలు జరిగినవి. తరువాత గంటకు 100 కిలోమీటర్ల పరిమితిని కెమెరాలతో గట్టిగా అమలు చేసినారు. 2023 ఆగస్టు 1 నుండి ద్విచక్ర వాహనాలను ప్రధాన మార్గంపైకి రానివ్వలేదు. అటుపై మరణాలు బాగా తగ్గినవి. ఆ రోడ్డుపై చలానా అందుకొని విసుగుకొన్నవారు వేలమంది ఉండవచ్చును. ఆ కట్టుబాట్ల వలన బ్రతికి ఇల్లు చేరినవారికి మాత్రం తాము బ్రతికిన సంగతే తెలియదు. కనుక చలానాకు కృతజ్ఞత చెప్పేవారు ఎన్నడూ కనబడరు.

అయితే వచ్చిన ప్రతి చలానాకూ తలవంచాలని దీని అర్థం కాదు. నంబరు తప్పుగా చదివిన సందర్భాలు, వేరొకరు అదే నంబరును దొంగగా వాడిన సందర్భాలు లేకపోలేదు. 2021 ఆగస్టులో చేర్చిన కేంద్ర నిబంధన ప్రకారం, ఈ యంత్రాలతో పర్యవేక్షించే రోడ్లపై ఆ సంగతిని తెలిపే హెచ్చరిక పలకలు ఉండాలి. నేరం జరిగిన 15 రోజులలోగా నోటీసు పంపాలి. చలానాలోని ఫోటో, తేదీ, స్థలం, నమోదైన వేగం చూసుకొని, తప్పు ఉంటే ఆధారాలతో ఫిర్యాదు చేయడం పౌరుని హక్కు. న్యాయంగా పడినది కట్టడం, అన్యాయంగా పడినదానిని పద్ధతిగా ప్రశ్నించడం, ఈ రెండింటినీ పిల్లలు ఇంటిలోనే నేర్చుకోవాలి. ఫోను చేయించి తప్పించుకోవడం ఈ రెండింటిలో దేనికీ చెందదు.

ఇక చేయదగినది ఏమిటి? ఇంటివరకు నాలుగు పనులు చాలు. బండి ఎవరు నడుపుతున్నా చలానాల సంగతి నెలకు ఒకసారి పెద్దలే స్వయంగా చూసుకోవాలి, చదివే పని చలానా పడినవాడికి అప్పగించరాదు. చలానా వస్తే అరవకుండా ఫోటోను కలిసి చూడాలి, ఆ సమయంలో ఎక్కడికి, ఎందుకు తొందరపడవలసి వచ్చినదో అడగాలి. బయలుదేరడం ఆలస్యమైతే మరునాటి నుండి పది నిమిషాలు ముందుగా లేపడమే మందు. సొమ్ములో కొంతైనా వాడి చేతి ఖర్చు నుండో, తొలి జీతం నుండో కట్టించాలి. నాలుగవది కష్టమైనది. పెళ్లిళ్లకని హిందూపురానికో, అనంతపురానికో, కర్నూలుకో బయలుదేరినప్పుడు, ముహూర్తం మించిపోతున్నదని తండ్రే హైవేపై 120 దాటించి, వెనుక కూర్చున్న పిల్లలకు ఆ పాఠం నేర్పకుండా ఉండాలి.

పాఠశాలవరకు, ఉపాధ్యాయులు కాలము, దూరముల లెక్కలలో రైళ్లతో పాటు స్కూటర్లనూ చేర్చవచ్చును. ఆగే దూరాన్ని మైదానంలో సుద్దతో గీసి చూపవచ్చును. 20 మీటర్ల వద్ద ఒక గీత, 37 మీటర్ల వద్ద మరొక గీత, ఈ రెండింటి నడుమ నిలబడి చూసిన పిల్లవాడు ఆ దూరాన్ని మరువడు. 18 నిండని విద్యార్థి మోటారు బండిపై వస్తే గేటు వద్దనే ఆపి ఇంటికి కబురు చేసే నియమాన్ని తల్లిదండ్రులు తప్పుపట్టక బలపరచాలి. పూర్వ విద్యార్థులలో వైద్యులు, న్యాయవాదులు, పోలీసు ఉద్యోగులు, లారీ, బస్సు చోదకులు ఉన్నారు. వారు సంవత్సరానికి ఒకసారి వచ్చి పెద్ద తరగతుల పిల్లలతో తమ వృత్తిలో చూసిన నిజాలు మాట్లాడితే అంతకు మించిన కానుక పాఠశాలకు ఉండదు.

ఆలస్యం అమృతం విషం అన్నవారే నిదానమే ప్రధానం అని కూడా అన్నారు. ఎక్కడ ఏది వర్తిస్తుందో తెలిసికొనడమే చదువు. బయలుదేరడంలో మొదటిది, రోడ్డుపై రెండవది పాటించిన పిల్లలు శత వార్షికోత్సవానికి తమ పిల్లలను వెంటబెట్టుకొని ఇదే ప్రాంగణానికి రావాలని, ఆ రోజున పిలిచే ప్రతి పేరుకూ జవాబు వినబడాలని కోరుకొందాము.